బోరు ఎండితే మనది, నీళ్లు పడితే వాళ్లది!

చమురు వేట కంపెనీల ఖాతాలో మునుగుతున్నది ఎవరి పైసలు?

ఊళ్లో బోరు వేసే రోజు ఎట్లుంటుందో తెలియనోళ్లు మనలో ఎవరూ ఉండరు. పాయింట్ చూసేటాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. కాయ నిలబడ్డ చోట గుర్తు పెట్టిస్తాడు. 'రెండించుల నీళ్లు పక్కా' అంటాడు. ఫీజు జేబులో వేసుకుని పోతాడు. రాత్రికి బోరు బండి దిగుతుంది. ఫీటుకింత అని లెక్క. మూడొందల ఫీట్లకు పడలేదా, ఐదొందలు. ఐదొందలకు పడలేదా, ఏడొందలు. తెల్ల దుమ్ము లేస్తుంటే గట్టు మీద కూర్చున్న రైతు గుండె జారిపోతుంటుంది. తెల్లారేసరికి పాయింట్ చూసినాయనకు నష్టం లేదు. బండోడికి నష్టం లేదు. అప్పు మాత్రం రైతు పేరు మీద మిగులుతుంది.

సముద్రంలో చమురు కోసం, గ్యాస్ కోసం వేసేది కూడా బోరే. కొబ్బరికాయ బదులు సీస్మిక్ సర్వే. బోరు బండి బదులు రిగ్గు. వేలల్లో ఖర్చు బదులు వందల కోట్లు. సర్వే కొబ్బరికాయ కన్నా నయమే, కాదనం. కానీ భూమి లోపల ఏముందో తవ్వితేగానీ తేలదన్నది రెండు చోట్లా ఒకటే. కొత్త ప్రాంతాల్లో తవ్విన బావుల్లో ఎక్కువ భాగం ఎండిపోయేవేనని ఆ వ్యాపారంలో తలపండినోళ్లే చెబుతారు.

అసలు తేడా ఇంకొక చోట ఉంది. చేన్లో బోరు ఎండితే అప్పు తనదని రైతుకు తెలుసు. సముద్రంలో బోరు ఎండితే ఆ అప్పు ఎవరిదో మోసేటోడికే తెలియదు. బ్యాంకులో డిపాజిట్ వేసుకున్న పెన్షనర్‌కు తెలియదు. నెలనెలా ఎల్‌ఐసీ కట్టే ఆటో డ్రైవర్‌కు తెలియదు. పేపర్లో పతాక శీర్షిక చూసి నాలుగు షేర్లు కొన్న టీచర్‌కు తెలియదు. ఈ వ్యాసం వాళ్ల కోసం.

మళ్లీ మొదలైంది జాతర

ఇప్పుడే ఎందుకు రాయాల్సి వచ్చిందంటే, జాతర మళ్లీ మొదలైంది. 2025 జూన్‌లో కేంద్ర పెట్రోలియం మంత్రి హర్‌దీప్ సింగ్ పురి, అండమాన్ సముద్రంలో గయానా దేశంలో దొరికినంత భారీ నిక్షేపం దొరకొచ్చని చెప్పారు. సెప్టెంబర్ 26న శ్రీవిజయపురం-2 అనే బావిలో సహజవాయువు జాడ కనిపించిందని ప్రకటించారు. తీరానికి 17 కిలోమీటర్ల దూరం, 295 మీటర్ల నీటి లోతు. మంచిదే. గ్యాస్ దొరికితే ఎవరికి చేదు? కానీ ఆ ప్రకటనలోనే ఇంకో ముక్క ఉంది. ఎంత గ్యాస్ ఉంది, తీస్తే గిట్టుబాటవుతుందా అన్నది రాబోయే నెలల్లో తేలాలన్నారు. ఆ ముక్క ఎంతమంది చదివారు? ఆ సాయంత్రం నుంచే ఫోన్లలో 'ఈ షేరు కొనండి, పది రెట్లు' అనే సందేశాలు తిరగడం మొదలైంది.

జాడ వేరు, నిక్షేపం వేరు. నిక్షేపం వేరు, తీయగలిగింది వేరు. తీయగలిగింది వేరు, లాభానికి అమ్మగలిగింది వేరు. ఈ నాలుగు మెట్ల మధ్య ఉన్న చీకట్లోనే ఈ దేశంలో చాలామంది పైసలు మాయమయ్యాయి. ఇది ఊహ కాదు. ఇరవై ఏళ్ల చరిత్ర. ఒక్కొక్కటి లెక్క తీద్దాం.

మొదటి కథ: 20 అన్నది 2 అయింది

2005 జూన్ 26. గుజరాత్ ముఖ్యమంత్రిగా ఉన్న నరేంద్ర మోదీ ఒక ప్రకటన చేశారు. మన కృష్ణా-గోదావరి తీరంలో గుజరాత్ స్టేట్ పెట్రోలియం కార్పొరేషన్‌కు 20 ట్రిలియన్ ఘనపుటడుగుల గ్యాస్ దొరికిందని. ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. దాని విలువ 2 లక్షల 20 వేల కోట్ల రూపాయలని. దేశమంతా పండుగ. ఆ కార్పొరేషన్ గుజరాత్ ప్రభుత్వ సంస్థ. బావి ఆంధ్ర తీరంలో. బ్లాకుకు దీన్ దయాళ్ పేరు పెట్టారు.

తర్వాత ఏమైంది? కేంద్రంలోని హైడ్రోకార్బన్స్ డైరెక్టరేట్ అభివృద్ధి ప్రణాళికను పరిశీలించి ఆమోదించినప్పుడు దీన్ దయాళ్ పశ్చిమ క్షేత్రంలో తేలిన నిక్షేపం సుమారు 2 ట్రిలియన్ ఘనపుటడుగులు. అందులో పైకి తీయగలిగేది దాదాపు సగం. గ్యాస్ ఉన్న రాయి చాలా లోతులో ఉంది. విపరీతమైన వేడి, విపరీతమైన ఒత్తిడి, గట్టి రాయి. గ్యాస్ ఉన్నా కదలదు. 2014 ఆగస్టులో ప్రయోగాత్మకంగా ఉత్పత్తి మొదలుపెడితే వచ్చింది పిడికెడు.

మరి ఖర్చు? కాగ్ లెక్క చూడండి. 2011 మార్చి నాటికి 7,126 కోట్లున్న ఆ సంస్థ అప్పు 2015 మార్చికల్లా 19,716 కోట్లకు చేరింది. నాలుగేళ్లలో రెండున్నర రెట్లు దాటింది. అప్పిచ్చినవాటిలో ప్రభుత్వ రంగ బ్యాంకులున్నాయి. అంటే మీరు, నేను డిపాజిట్ చేసిన పైసలు.

రైతు రెండో బోరుకు అప్పడిగితే బ్యాంకు మేనేజర్ ఏమంటాడు? 'మొదటి బోరు అప్పు తీర్చినవా?' అంటాడు. పాస్‌బుక్ కుదువ పెట్టుకుంటాడు. ఇక్కడ మొదటి బోరులో గ్యాస్ రాకముందే రెండోదానికి, పదోదానికి వేల కోట్లు ఇచ్చారు. ఏం చూసి ఇచ్చారు? కొబ్బరికాయ నిలబడ్డదని చూసి ఇచ్చారు!

ఆఖరికి ఏమైంది? ఆ బోరును మరో ప్రభుత్వ సంస్థకు అంటగట్టారు. 2017లో ఓఎన్‌జీసీ ఆ బ్లాకులో 80 శాతం వాటాను సుమారు 7,738 కోట్లు పెట్టి కొన్నది. గుజరాత్ సంస్థకు ఊపిరి. ఓఎన్‌జీసీ వాటాదారుడికి బరువు. ఇంట్లో ఒకడి అప్పును ఇంకొకడి తలగడ కింద దాచినట్టు.

ఒక్కరైనా బాధ్యత తీసుకున్నారా? 20 అన్నది 2 ఎట్లయిందని ఒక్క అధికారినైనా నిలబెట్టి అడిగారా?

రెండో కథ: ఉన్నట్టే ఉండి ఇంకిపోయిన గ్యాస్

ఇక అసలు పెద్ద బోరు. కేజీ-డీ6. 2000లో రిలయన్స్‌కు, కెనడాకు చెందిన నైకోకు కేంద్రం ఈ బ్లాకు కట్టబెట్టింది. రిలయన్స్‌కు 90 శాతం, నైకోకు 10 శాతం. 2002లో గ్యాస్ దొరికింది. ఆ ఏడాది ప్రపంచంలోనే పెద్ద ఆవిష్కరణల్లో ఒకటని డప్పు మోగింది. 2004లో ఇచ్చిన ప్రణాళికలో సుమారు 240 కోట్ల డాలర్ల ఖర్చుతో రోజుకు 4 కోట్ల ఘనపు మీటర్లు తీస్తామన్నారు. 2006కల్లా ప్రణాళిక మారింది. ఉత్పత్తి రెట్టింపు, అంటే 8 కోట్లు. ఖర్చు మాత్రం దాదాపు 880 కోట్ల డాలర్లు. ఉత్పత్తి రెండింతలు, ఖర్చు మూడున్నరింతలు. ఇదేం లెక్క అని అడిగినోళ్లను అభివృద్ధి నిరోధకులన్నారు.

2009 ఏప్రిల్‌లో గ్యాస్ వచ్చింది. 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. 8 కోట్లు ఏనాడూ చూడలేదు. అక్కడి నుంచి జారుడుబండే. 2014కల్లా కోటిన్నర లోపు. మొదట 10 ట్రిలియన్ ఘనపుటడుగులు తీయగలమన్న ప్రధాన క్షేత్రంలో ఉన్నది సుమారు 3 మాత్రమేనని 2012లో కంపెనీయే చెప్పింది. భూగర్భం అనుకున్నట్టు లేదు, బావుల్లోకి నీళ్లు, ఇసుక వచ్చాయన్నది కంపెనీ మాట. ఒప్పుకున్నన్ని బావులు తవ్వలేదన్నది ప్రభుత్వం మాట. ఆ తగాదా మధ్యవర్తుల ముందుకు పోయింది.

తగాదాలో ఎవరు గెలిచినా మనం చూడాల్సింది ఒకటుంది. ఆ ఒప్పందం ఎట్లుందో చూడండి. గ్యాస్ అమ్మగా వచ్చిన రాబడిలో ముందు కంపెనీ తన ఖర్చును 90 శాతం దాకా తీసుకోవచ్చు. మిగిలిన దాంట్లో లాభం వాటా. మొదటి మెట్టులో ఆ లాభంలో ప్రభుత్వానికి 10 శాతం. కంపెనీ పెట్టిన ఖర్చుకు తగినన్ని రెట్లు వెనక్కి వచ్చినకొద్దీ ప్రభుత్వ వాటా పెరుగుతుంది. అంటే ఖర్చు ఎక్కువ చూపినకొద్దీ ప్రభుత్వ వాటా పెరిగే రోజు వెనక్కి జరుగుతుంది. మన భాషలో చెప్పాలంటే, కౌలుకిచ్చిన చేన్లో కౌలుదారు బోరు వేసి, 'ముందు నా బోరు ఖర్చు పోను మిగిలితే నీ వాటా' అంటాడు. సరే అంటే, ఏటా కొత్త బోరు బిల్లు తెస్తాడు! ఖర్చు పెంచుకోవడానికే ఈ ఒప్పందం దారి చూపుతోందని 2011 సెప్టెంబర్‌లో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక తేటతెల్లంగా రాసింది. 2012లో కేంద్రమే 100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చును ఒప్పుకోనన్నది. తర్వాతి ఏళ్లలో అది ఇంకా పెరిగింది.

ధర సంగతి? 2004లో ఎన్‌టీపీసీ టెండర్‌లో యూనిట్‌కు 2.34 డాలర్లకు ఇస్తామన్న గ్యాస్‌కు 2007లో కేంద్ర మంత్రుల బృందం 4.20 డాలర్లు ఖరారు చేసింది. అన్నదమ్ములిద్దరూ ఈ గ్యాస్ కోసం కోర్టుకెక్కితే, ఇది మీ ఇంటి ఆస్తి కాదు, దేశ ప్రజల ఆస్తి, ధర నిర్ణయించేది ప్రభుత్వమేనని 2010 మే 7న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి కూడా ఉన్నారు. ఆ రోజుల్లో హాస్టల్ గదుల్లో, ధర్నా టెంట్లలో ఆ తీర్పు మీద రాత్రంతా వాదులాడుకున్నాం. 'ప్రజల ఆస్తి' అనే మాట కోర్టు నోట వినడం మాకు అన్నం తిన్నట్టనిపించింది. కానీ ప్రజల ఆస్తి అన్న తీర్పు వచ్చినా ఆ ఆస్తి లెక్క ప్రజల చేతికి రాలేదు.

షేరు కొన్నోళ్ల సంగతి చూద్దాం. నైకో షేరు కెనడా మార్కెట్‌లో ఒకప్పుడు 100 డాలర్లు దాటింది. దాని బలమంతా మన కేజీ గ్యాసే. గ్యాస్ ఇంకిపోగానే ఆ షేరు డాలర్ల నుంచి సెంట్లకు పడిపోయింది. 2011లో బ్రిటిష్ కంపెనీ బీపీ, రిలయన్స్ బ్లాకుల్లో 30 శాతం వాటాకు 720 కోట్ల డాలర్లు ఇచ్చేందుకు ఒప్పుకుంది. ఎప్పుడు? గ్యాస్ జారుడు మొదలైన తర్వాత! ప్రపంచం తిరిగిన కంపెనీకే కొబ్బరికాయ అర్థం కాలేదు. సిద్దిపేటలోనో, మిర్యాలగూడలోనో కూర్చుని టీవీ చూసి షేరు కొన్నోడికి ఎట్ల అర్థమైతది? 2009 నడిమి నుంచి 2016 దాకా రిలయన్స్ షేరు బోనస్ సర్దుకున్నాక చూస్తే దాదాపు ఉన్న చోటే ఉంది. తర్వాత పెరిగింది గ్యాస్ వల్ల కాదు, ఫోన్ వ్యాపారం వల్ల.

ఈ గ్యాస్‌ను నమ్మి కరెంటు ప్లాంట్లు కట్టినోళ్లు ఇంకో పక్క మునిగారు. వేమగిరి, కొండపల్లి, జేగురుపాడు ప్లాంట్లకు గ్యాస్ కరువైంది. సామర్లకోటలో రిలయన్స్ పవర్ తలపెట్టిన 2,400 మెగావాట్ల ప్లాంటు గ్యాస్ లేక నడవనే లేదు. ఆ ప్లాంట్లకు అప్పులిచ్చింది మళ్లీ బ్యాంకులే. చుట్టూ తిరిగి బిల్లు వచ్చేది మన ఇంటికే.

ఇంకొక ముచ్చట. పక్కనున్న ఓఎన్‌జీసీ బ్లాకు గ్యాస్ రిలయన్స్ బావుల్లోకి వచ్చిందన్న వివాదం. 2015లో విదేశీ నిపుణుల సంస్థ గ్యాస్ అటు పోయిందని లెక్కగట్టింది. 2018లో మధ్యవర్తులు రిలయన్స్ పక్షాన తీర్పిచ్చారు. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం ఆ తీర్పును కొట్టేసింది. ఆ వెంటనే కేంద్రం 281 కోట్ల డాలర్లు కట్టమని డిమాండ్ పంపింది. ఆ డిమాండ్ నిలవదని, తీర్పును సవాలు చేస్తామని రిలయన్స్ ప్రకటించింది. తేలేదాకా ఎన్నేళ్లో! ఓఎన్‌జీసీ షేరు కొన్నోడు, రిలయన్స్ షేరు కొన్నోడు ఇద్దరూ తమ కంపెనీ చేతిలో ఎంత గ్యాస్ ఉందో కోర్టు వరండాలో తెలుసుకోవాల్సిన గతి.

మూడో కథ: నిజంగానే పడ్డ బోరు

'అన్నీ ఎండిన బోర్ల కథలే చెబుతావా? పడ్డవి లేవా?' అని అడగొచ్చు. ఉన్నాయి. రాజస్థాన్‌లో బాడ్‌మేర్. బ్రిటన్‌కు చెందిన కెయిర్న్ కంపెనీ 2004 జనవరిలో అక్కడ మంగళ క్షేత్రం కనిపెట్టింది. అంతకుముందు ఆ బ్లాకులో భాగస్వామిగా ఉన్న షెల్ తన వాటాను కారుచౌకగా కెయిర్న్‌కే అమ్ముకుని వెళ్లిపోయింది. అంత పెద్ద కంపెనీ వదిలేసిన చోటే అంత చమురు దొరికింది. ఈ వ్యాపారం ఎంత జూదమో దీన్ని బట్టి తెలుసుకోండి.

మరి చమురు పడ్డాక చిన్న వాటాదారుడు బాగుపడ్డాడా? కెయిర్న్ ఇండియా 2006 చివర్లో 160 రూపాయలకు షేరు అమ్మింది. 2007 జనవరిలో మార్కెట్‌లోకి వచ్చిన రోజే ధర అంతకన్నా కిందికి పోయింది. జనం దగ్గర వసూలైన పైసల్లో పెద్ద భాగం బావుల్లోకి కాదు, తల్లి కంపెనీకి పోయింది. తర్వాత చమురు వచ్చింది, షేరు పెరిగింది, నిజమే. 2011లో వేదాంత వచ్చి కంపెనీని చేజిక్కించుకుంది. 2014లో ఏమైంది? కెయిర్న్ ఇండియా ఖజానా నుంచి 125 కోట్ల డాలర్లు వేదాంత గ్రూపు సంస్థకే అప్పుగా పోయాయని బయటపడింది. బావి మీది పైసలు బావి యజమాని ఇంకో ఇంటి అప్పులకు! చిన్న వాటాదారులు గోల పెట్టారు, షేరు పడిపోయింది. 2017లో కెయిర్న్ ఇండియాను వేదాంతలోనే కలిపేశారు. చమురు కోసం కొన్నోడి చేతిలో జింకు, అల్యూమినియం, అప్పులు అన్నీ కలిసిన షేరు పెట్టారు. అందులో పెద్ద మైనారిటీ వాటాదారు ఎవరో తెలుసా? ఎల్‌ఐసీ. అది కూడా తలూపింది.

చూశారా? మొదటి కథలో గ్యాస్ రాలేదు, మునిగాం. రెండో కథలో వచ్చి ఇంకింది, మునిగాం. మూడో కథలో నిజంగానే చమురు పడింది, అయినా మోటరు మన చేతికి రాలేదు!

నాలుగో కథ: సర్కారు బోరు

'ప్రైవేటు మోసం, సర్కారు కంపెనీ భద్రం' అనుకునే అమాయకులు మనలో చాలామంది. ఓఎన్‌జీసీ ఇంజినీర్లు, కార్మికులు ఈ దేశానికి చేసిన సేవ చిన్నది కాదు. వాళ్ల మీద ఒక్క మాట అనం. కానీ ఆ కంపెనీ ఖజానాను ఢిల్లీ పాలకులు ఏం చేశారో చూడండి.

2012 మార్చి 1న బడ్జెట్ లోటు పూడ్చుకోవడానికి ఓఎన్‌జీసీలో 5 శాతం వాటాను వేలానికి పెట్టారు. కనీస ధర 290 రూపాయలు. బయట కొనేవాడు కరువైతే, ఎక్కువ భాగం ఎల్‌ఐసీ చేత కొనిపించారు. 12 వేల కోట్లకు పైగా ఖజానాకు చేరాయి. పాలసీదారుణ్ని ఎవరైనా అడిగారా? 2013-14లో డీజిల్, గ్యాస్ సబ్సిడీ భారం కింద ఓఎన్‌జీసీ మీద వేసింది 56,384 కోట్లు. 2017లో గుజరాత్ బోరు అంటగట్టారు. 2018 జనవరిలో కేంద్రం తన హెచ్‌పీసీఎల్ వాటాను 36,915 కోట్లకు దానికే అమ్ముకుంది. దానికోసం ఓఎన్‌జీసీ అప్పు చేయాల్సి వచ్చింది. 2022 జూలైలో ముడిచమురు ధర పెరిగి నాలుగు పైసలు మిగిలే వేళకు టన్నుకు 23,250 రూపాయల కొత్త పన్ను వేశారు. 2024 డిసెంబర్‌లో గానీ ఆ పన్ను పోలేదు.

ధర పడితే నష్టం కంపెనీది. ధర పెరిగితే లాభం సర్కారుది. ఇంక బావులు తవ్వడానికి మిగిలేదేంది? 2005లో చేతికొచ్చిన కేజీ లోతు సముద్రపు బ్లాకులో ఓఎన్‌జీసీ తొలి చమురు తీసింది 2024 జనవరి 7న. 19 ఏళ్లు!

షేరు పుస్తకంలో లేని పేర్లు

ఇంతదాకా పైసలు పెట్టినోళ్ల గురించి. పైసలు పెట్టకుండానే అన్నీ పోగొట్టుకున్నోళ్లున్నారు. 1995 జనవరిలో కోనసీమలో పాశర్లపూడి బావి పేలి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ పైపులైన్ పేలి ఇరవై మందికి పైగా సజీవంగా కాలిపోయారు. వాళ్ల కొబ్బరి చెట్ల కింద నుంచే గ్యాస్ పోయింది. వాళ్ల పొయ్యి కిందికి మాత్రం రాలేదు. ఏ బోర్డు మీటింగులో వాళ్లకు ఓటుంది? ఏ లాభాల వాటాలో వాళ్ల పేరుంది? ఇది ఆ తీరం బాధ, ఈ తీరం బాధ అని విడదీసి చూసేది కాదు. భూమి కింది సంపద ఎక్కడున్నా దాని మీద బతికేటోడికే ముందు హక్కని నమ్మినోళ్లం మనం. బొగ్గుబాయి పక్కన పుట్టినోడికి ఈ మాట ఎవరూ నేర్పనక్కర్లేదు.

వాళ్ల వాదన, మన జవాబు

'దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా, గ్యాస్‌లో దాదాపు సగం బయటి నుంచే కొంటున్నాం. వెతకకుంటే ఎట్లా? రిస్కు తీసుకునేవాడికి లాభం ఇవ్వకుంటే ఎవడొస్తాడు?' అని పెద్దమనుషులు అడుగుతారు. వెతకొద్దని ఎవరన్నారు? వెతకాల్సిందే. కేజీ-డీ6లోనే 2020 తర్వాత కొత్త క్షేత్రాల నుంచి మళ్లీ గ్యాస్ వస్తోంది, అది దేశానికి అక్కరకొస్తోంది కూడా. దాన్ని కాదనం.

కానీ రిస్కు తీసుకునేవాడు ఎవడో సరిగ్గా చెప్పమంటున్నాం. ఖర్చును ముందే రాబట్టుకునేవాడిది రిస్కు ఎట్లయితది? బ్యాంకు అప్పు మీద, ఎల్‌ఐసీ పైసల మీద, చిన్న వాటాదారుడి ఆశ మీద తవ్వేవాడిది రిస్కు ఎట్లయితది? అసలు రిస్కు తీసుకున్నది పెన్షనర్. తీసుకున్నట్టు ఆయనకు చెప్పలేదు, అంతే!

2016లో కేంద్రం పాత పద్ధతి మార్చి, కొత్త బ్లాకులకు మొదటి రూపాయి నుంచే రాబడిలో వాటా అన్నది. అంటే పాత ఒప్పందాల్లో తప్పుందని వాళ్లే ఒప్పుకున్నట్టు కాదా? మరి పాత బ్లాకుల ఖర్చుల పద్దు జనం ముందు పెట్టడానికి అడ్డం ఏమిటి?

అందుకే ఇవి అడుగుదాం. ఒకటి, బయటి నిపుణులు తేల్చిన లెక్క చేతికి రాకముందే ఏ మంత్రీ, ఏ ముఖ్యమంత్రీ నిక్షేపాల విలువ కోట్లలో ప్రకటించొద్దు. రెండు, బ్యాంకు గానీ ఎల్‌ఐసీ గానీ చమురు వేటలో పైసలు పెడితే ఏ నివేదిక చూసి పెట్టిందో అందరికీ తెలపాలి. మూడు, పాత ఒప్పందాల కింద రాబట్టుకున్న ప్రతి డాలర్ లెక్క బయటపెట్టాలి. నాలుగు, బావి ఉన్న ఊరికి రాబడిలో చట్టబద్ధమైన వాటా, పేలుడు జరిగితే బాధ్యత ఎవరిదో ముందే రాసి ఉండాలి.

ఇక పాఠకులకు ఒక మాట. ఫోన్లో వచ్చిన సందేశం చూసి ఆ షేరు కొనేముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. చెప్పింది జాడ గురించా, తీయగలిగిన దాని గురించా? ఆ లెక్క తేల్చింది కంపెనీయా, బయటివాళ్లా? అప్పు ఎంత? పైసలు మిగిలితే బావికి పోతాయా, పెద్ద యజమాని ఇంకో దుకాణానికి పోతాయా? ఈ నాలుగింటికి జవాబు దొరక్కపోతే మీ పైసలు మీ దగ్గరే ఉండనివ్వండి.

మా మేనమామ రిటైరైన టీచర్. 2008 మొదట్లో ప్రావిడెంట్ ఫండ్ పైసల్లోంచి రెండు లక్షలు తీసి ఒక చమురు వేట కంపెనీ షేర్లు కొన్నాడు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఆ రోజు పేపర్ ముక్క ఇప్పటికీ బీరువాలో మడత పెట్టి ఉంది. మొన్న అండమాన్ వార్త టీవీలో వస్తుంటే ఆయన సౌండ్ తగ్గించి నాతో అన్న మాటే దీనికి ముగింపు.

'అల్లుడా, మా నాయన మూడు బోర్లు వేసిండు. మూడు ఎండినయి. కానీ మూడుసార్లు గట్టు మీద కూసుండి సూసిండు. నేను బోరు సూడలే, బండి సూడలే, ఆ సముద్రమే సూడలే. పైసలు మాత్రం అండ్లనే పోయినయి.'

ఆయన్ను గట్టు మీద కూర్చోబెట్టి లెక్క చూపించాల్సింది ఎవరు? పాలకులారా, జవాబు చెప్పండి. చెప్పేదాకా అడుగుతూనే ఉంటాం.